కారిడార్ చివరి ప్రింటర్

ఆ ల్యాబులో ఆవిణ్ణి అందరూ వైరక్క అంటారు. జీతం కాగితం మీద ఉన్న హోదా నెట్‌వర్క్ ఇన్‌చార్జి. పదకొండేళ్లుగా అదే ఉద్యోగం. ఎవరి రక్తంలో ఏముందో ఆవిడకి పట్టదు. ఆ ఫలితం ఏ తీగ మీద ఏ గదికి వెళ్తుందో మాత్రం కళ్లు మూసుకుని చెబుతుంది. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. జడలో పెన్ను గుచ్చుకుని, మెడలో టార్చిలైటు వేలాడేసుకుని తిరుగుతుంది.

"మా వైరక్క సీలింగులోకి ఎక్కిందంటే మళ్లీ దిగేది జీతాల రోజే" అని రిపోర్టుల కౌంటర్లో బాబాయ్ ఎగతాళి చేస్తుంటాడు. ఆయన ఎవరికీ బాబాయ్ కాదు. అందరికన్నా వయసులో పెద్దవాడని ఆ పిలుపు.

ఆ నెల ఆవిడ దగ్గర ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మెడ పక్కన చిన్న గడ్డ. తమ ల్యాబులోనే, టెక్నీషియన్ పిల్ల చేత ఒట్టు వేయించుకుని పరీక్ష చేయించుకుంది. గురువారం రిపోర్టు వచ్చింది. కౌంటర్లో తీస్తే బాబాయ్ కంట పడుతుందని, కారిడార్ చివర స్టోరు గది పక్కనున్న పాత ప్రింటర్‌కి పంపింది. కాగితం వచ్చేదాకా దాని ముందే నిలబడింది. 'అనుమానం ఉంది, వెంటనే నిపుణుల్ని కలవాలి' అని రాసుంది. చించి పారేసింది. ఇంట్లో ఆయన లెక్కల మాస్టారు, కూతురికి పెద్ద పరీక్షలు. అవి అయ్యేదాకా ఎవరికీ తెలియకూడదు అనుకుంది.

సోమవారం నర్సింగ్ హోమ్ నుంచి మెయిల్ వచ్చింది. ల్యాబులో వాళ్లకీ వాటా ఉంది. తమ డాక్టరు పరీక్ష రాయగానే ఆ చీటీ నేరుగా ల్యాబు ప్రింటర్లోంచే రావాలట. అందుకని ప్రింటర్‌ని ఇంటర్నెట్‌లోకి తెరిచి ఉంచమన్నారు. తమ పాత సాఫ్ట్‌వేర్‌కి పాస్‌వర్డ్ ఇవ్వడం తెలియదు కాబట్టి అది కూడా పెట్టొద్దన్నారు.

"వీధి తలుపు తీసి, గొళ్లెం కూడా పీకేయమంటున్నారు" అంది వైరక్క, ల్యాబు యజమాని డాక్టరు గారితో.

"వాళ్లు మనవాళ్లే కదమ్మా."

"తలుపు తీశాక మనవాళ్లొక్కళ్లే రారు సార్."

"వచ్చి ఏం ఎత్తుకెళ్తారు? ప్రింటర్లో ఇంకు తప్ప ఏముంది?"

"కౌంటర్లో దానికి అదీ అయిపోయింది సార్, శనివారమే చెప్పా" అన్నాడు బాబాయ్.

చీటీలు తాళం వేసిన దారిలో తమ కంప్యూటర్‌కి పంపించుకుని, తామే ప్రింటు తీసుకోవచ్చని ఆవిడ చెప్పింది. దానికి రెండు వారాలు కావాలి. డాక్టరు గారికి రేపే కావాలి.

"అయితే ఒక్క పూట తెరుస్తాను. నర్సింగ్ హోమ్‌కి కూడా చెప్పను. మీరు పక్కన కూర్చుని చూడండి."

కారిడార్ చివరి పాత ప్రింటర్‌ని మిగతా వాటినుంచి విడదీసి వేరే లైను మీద పెట్టింది. పెండింగ్ ప్రింట్లన్నీ తుడిచేసింది. తెల్ల కాగితాలు నింపింది. మంగళవారం పదింటికి తెరిచింది. ముగ్గురూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

నలభై నిమిషాలు ఏమీ లేదు. బాబాయ్‌కి కునుకు పట్టింది. అప్పుడు ప్రింటర్ మీద పచ్చ దీపం వెలిగింది. లోపల రోలర్లు గొంతు సవరించుకున్నట్టు కదిలి, ఒక కాగితం బయటికి వచ్చింది. పైన ఒక వరస ఇంగ్లీషు అక్షరాలు. ఏ మాటా కాదు.

"నర్సింగ్ హోమ్ వాళ్లా?" అన్నారు డాక్టరు గారు.

"వాళ్లకి ఈ ప్రింటర్ నంబరే ఇవ్వలేదు సార్."

రెండోది ఉత్త తెల్ల కాగితం. అది మెల్లగా వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి డాక్టరు గారు ఒళ్లో పెట్టుకున్నారు. మూడో దాని మీద ప్రింటర్ వివరాలున్నాయి. వైరక్క దానికి పెట్టిన పేరు కూడా ఉంది: స్టోరు పక్కది. నువ్వెవరు అని ఎవరో అడిగారు, అది చెప్పింది.

ఆ తర్వాత పావుగంట ఏమీ రాలేదు.

నాలుగోది ఒక రిపోర్టు. పేరు, వయసు, షుగరు ఎంత. బాబాయ్ కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చూశాడు.

"అమ్మాయ్, కౌంటర్లో ఇంకు లేనప్పుడల్లా ఇక్కడే తీస్తాగా, ఇది నిన్న నేనే తీసిచ్చాను. పెద్దావిడ వచ్చి పట్టుకెళ్లింది కూడా."

అప్పుడు తట్టింది వైరక్కకి. బాబాయ్ కాగితాలు పారేసుకుని మళ్లీ తీయమని గోల పెట్టేవాడు. ఆ బాధ పడలేక, తీసిన ప్రతిదానికీ ఒక నకలు లోపలే దాచుకునేలా మూడేళ్ల కిందట ప్రింటర్లన్నిటికీ తనే ఏర్పాటు చేసింది. తుడిచింది పెండింగ్ వాటినే. దాచినవి అలాగే ఉన్నాయి. బయటివాడెవడో వాటిని ఒక్కొక్కటే తీసి చూస్తున్నాడు, కొత్తదాన్నుంచి పాతదానికి. వాడు తెరిచిన ప్రతిదీ ఇక్కడ కూడా కాగితం మీద పడుతోంది. సోమవారానివి అయిపోయి శనివారానివి మొదలయ్యాయి.

లేచి నెట్‌వర్క్ వైరు పీకేసింది. ప్రింటర్ ఆగలేదు. అడగాల్సినవన్నీ వాడు ముందే అడిగేశాడు.

కరెంటు స్విచ్చు మీదికి చెయ్యి పోయింది.

"ఉండమ్మా" అన్నారు డాక్టరు గారు. జేబులోంచి పెన్ను తీశారు. "ఎవరెవరివి పోయాయో తెలియాలి కదా. వాళ్లకి మనమే చెప్పాలి."

ఆ మాట నిజం. చెయ్యి వెనక్కి తీసుకుంది. బాబాయ్ పేర్లు చదువుతున్నాడు, డాక్టరు గారు రాసుకుంటున్నారు. శుక్రవారానివి కూడా అయ్యాయి. పద్దెనిమిది పేర్లు. మెషీన్ ఊపిరి తీసుకుంది. పంతొమ్మిదో రిపోర్టు తీసిన బాబాయ్ చదవలేదు. బోర్లా తిప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది సరిగా కనబడ్డంలేదు సార్" అన్నాడు, కళ్లద్దాలు ముక్కు మీదే ఉండగా.

"నాదే బాబాయ్" అంది వైరక్క. "రాసుకోండి సార్, పంతొమ్మిది."

డాక్టరు గారు కాగితం అడగలేదు. పేరు రాసుకున్నారు. ఇరవై ఆరు దగ్గర ప్రింటర్ ఆగింది. వాళ్లు కుర్చీల్లోంచి లేస్తుంటే మళ్లీ దీపం వెలిగి ఇంకొకటి వచ్చింది. అది కూడా ఆవిడదే.

"ఇదొక్కటి రెండోసారి ఎందుకు?" అన్నాడు బాబాయ్.

"వేలు జారిందేమో" అంది ఆవిడ. జారినట్టు ఆవిడకే అనిపించలేదు. చదివినవాడు, వైరు పీకేలోపే మళ్లీ వెనక్కి వచ్చి చదివినట్టుంది.

మధ్యాహ్నం నర్సింగ్ హోమ్‌కి కుదరదని ఉత్తరం వెళ్లింది. రెండు వారాల దారే ఖాయమైంది. ప్రింటర్లలో దాచిన నకళ్లన్నీ వైరక్క చెరిపేసింది. తర్వాత వరసగా ఇరవై ఐదుగురికీ తనే ఫోన్ చేసింది. "మీ రిపోర్టు బయటివాళ్లు చూశారండీ. తప్పు మాదే." కొందరు తిట్టారు. ఒకాయన మాత్రం, "చూసినవాడు ఏమన్నాడు?" అని అడిగాడు. తెలీదండీ అని ఆవిడ తర్వాతి నంబరు నొక్కింది.

సాయంత్రం ఇంట్లో ఆయన బల్ల మీద పేపర్లు దిద్దుతున్నాడు. రెండోసారి వచ్చిన కాగితం ఆ పేపర్ల మీద పెట్టింది. ఆయన చదివి, ఎర్ర పెన్ను మూత పెట్టాడు.

"ఎన్నాళ్లయింది?"

"గురువారం వచ్చింది."

"ఇంకెవరికి తెలుసు?"

"డాక్టరు గారికి, బాబాయ్‌కి, పరీక్ష చేసిన పిల్లకి. ఇంకొకడికి కూడా. వాడెవడో నాకు తెలీదు."

ఆయన వీధి తలుపు వైపు ఒకసారి చూసి, నిపుణుడి నంబరు అడిగాడు.