కోసిన పోగులు

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో కస్తూరమ్మకు దేవుడితో తగవుపడే ముసలామె అని పేరు. మొగుణ్ణి కాపాడమని ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంది, మొగుడు పోయాడు. ఇద్దరు బిడ్డలకు కలరా తగిలినప్పుడు మొక్కుకుంది, ఇద్దరూ పోయారు. అయినా శ్రావణం వచ్చిందంటే బండెక్కి ఉరుకుంద పోవాల్సిందే. అడిగింది ఒక్కటీ ఇవ్వని దేవుడి దగ్గరికి మళ్లీ ఎందుకని ఎవరైనా అంటే, "ఇయ్యలేదని సెప్పొచ్చేకి" అనేది. "ఆయప్పకు వేయిమంది. మనం పోయి గ్యాపకం సేయకుంటే ఎట్ల?"

ఈ తర్కం ఆ ఇంటి కోడలు వెంకటేశ్వరమ్మకు ఒంటబట్టలేదు. కస్తూరమ్మ ఆమె మొగుడు సిద్ధప్పకు పెద్దమ్మ. తల్లిలేని పిల్లవాణ్ణి సాకి, మగ్గం గుంతలోకి దించి నేత నేర్పి, పెళ్లి చేసింది ఆమే. కాబట్టి కోడలు ఎదురు చెప్పేది కాదు. లోపల మాత్రం, ఇంత చాకిరీ చేయించుకుని ఏమీ ఇవ్వని దేవుడికంటే సావుకారే నయం అనుకునేది.

యుద్ధం ఎక్కడో జరుగుతుంటే నూలు ఇక్కడ మాయమైంది. సిద్ధప్ప కొన్నాళ్లు ఖాళీ మగ్గం ముందు కూర్చుని చూశాడు. చూస్తే కడుపు నిండదు గనక ఆదోని పత్తి మిల్లులో బేళ్లు మోయడానికి పోయాడు. "నూలొచ్చిందని కబురు పెట్టు, ఆ పొద్దే వస్తా" అని పెళ్లానికి చెప్పి పోయాడు. నూలు రాలేదు. ఆయనా రాలేదు.

నేతగాళ్లు బట్ట కోసి దించినప్పుడు మగ్గాన్ని బోసిగా వదలరు. పోగులు దూరే అచ్చులో జానెడు పాత పోగుల్ని అలాగే ఉంచుతారు. కొత్త పడుగు, అంటే నిలువు పోగుల చుట్ట, వచ్చాక దాని పోగుల్ని ఆ పాత కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. కొసలు లేకపోయాయా, పోగుపోగునూ అచ్చు కళ్లలో కొత్తగా దూర్చుకోవాలి. అది ఇద్దరు మనుషుల పని, ప్రాణం తోడేసే పని.

దీపావళికి కూడా మొగుడు రాకపోయేసరికి వెంకటేశ్వరమ్మకు రోసిపోయింది. ఇంక ఈ ఇంట్లో నేసేదెవరని కత్తెర పట్టుకుని ఆ కొసలన్నీ పరపరా కోసేసింది. అంత కోపంలోనూ నూలు పారేయడానికి చేతులు రాక, దీపానికి వత్తులు చేసింది. ఆ సాయంత్రం వెలిగించగానే వత్తి చిటపటమంది.

మూలన కూర్చున్న కస్తూరమ్మ ముక్కు ఎగబీల్చింది. "గంజి వాసనొస్తాంది. అచ్చు పోగులా మ్మే?"

"అవు పెద్దత్తా."

"బాగ మండుతాందా?"

అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు. నాలుగు తిట్టి ఉంటే వెంకటేశ్వరమ్మ ఆ రాత్రి నిద్రపోయి ఉండేది.

వత్తులు సగం కూడా కాలకముందే నూలు వచ్చింది. నూలిచ్చి నేయించుకునే సావుకారి రామలింగం పడుగు చుట్ట మనిషి నెత్తిన పెట్టించుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఒక్కటే దొరికిండాది పెద్దమ్మా. సంతనాటికి మగ్గం ఆడల్ల. లేదంటే పక్క వీధి భీమమ్మోళ్లకు ఎత్తుకపోతా. అచ్చు ఉండాది గదా?"

పడుగు నిలిస్తే మొగుడు ఇంటికొస్తాడు. పోతే ఆదోనిలోనే ఉండిపోతాడు. వెంకటేశ్వరమ్మ అచ్చుకు అడ్డంగా జరిగి నిలబడింది.

"ఉండాదప్పా" అంది కస్తూరమ్మ.

సావుకారి పోయి వీధి మలుపు తిరిగాక కోడలు అడిగింది. "అబద్ధం సెప్తివి గదా పెద్దత్తా?"

"అబద్ధమేముంది? అచ్చు ఉండాది. పోగులు లేవు. ఆయప్ప పోగుల మాట అడగలేదు."

ఇద్దరూ అచ్చుకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ముసలామె పడుగులోంచి ఒక్కో పోగును వేళ్లతో విడదీసి అందిస్తుంది. కోడలు ఇవతలి నుంచి పుల్ల దూర్చి అందుకుని లాగుతుంది. ఒక్కటి తప్పితే అంతా విప్పాలి. తప్పలేదు. సంత రేపనగా, పొద్దు వాలే వేళకు పిడికెడు పోగులు మిగిలాయి.

"చీకటి పడింది పెద్దత్తా. ఏమీ కనపడ్డంలేదు, దీపం పెడతా."

"పడిందా?" అంటూనే కస్తూరమ్మ ఇంకో పోగు అందించింది.

కోడలు అందుకోలేదు. లేచి వెళ్లి దీపం వెలిగించి తెచ్చింది. ముసలామె ముఖానికి దగ్గరగా పెట్టి అటూ ఇటూ ఆడించింది. రెప్ప కదల్లేదు.

"ఎప్పట్నుంచి పెద్దత్తా?"

"శ్రావణానికి ముందే. పొరలు కమ్మినాయి. సిద్ధప్పకు తెలిస్తే పని ఇడ్సిపెట్టి వస్తాడు. వచ్చి తినేదేమి?"

"ఉరుకుంద పోయుంటివే! కండ్లు ఇమ్మని ఈరన్నను అడగలేదా?"

"లేదు. నూలు అడిగినా."

కోడలు చేతిలో దీపం కింద పెట్టింది.

"రెండు అడిగితే ఆయప్ప తికమకపడతాడు మ్మే. ఏదో ఒకటే అడగల్ల. నువ్వు గోడ పక్క తిరుక్కోని ఏడ్సేది నాకు ఇనపడతాండె. కండ్లు లేకుంటే అలవాటు పడొచ్చు, దానికి అలవాటు పడలేకపోతి."

వెంకటేశ్వరమ్మ ఆ పోగులు కోసిన తన చేతుల్ని చూసుకుంది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయినట్టైంది. ముసలామె ఒళ్లో తలపెట్టి చిన్నపిల్లలాగా బావురుమంది.

కస్తూరమ్మ కాసేపు తల నిమిరింది. తర్వాత భుజం తట్టి లేపింది. "సాల్లే. ఏడ్సి ఏడ్సి నీవి గూడా పోగొట్టుకోవద్దు. ఇంట్లో ఒక జతన్నా ఉండల్ల. పోగు పట్టు."

వెంకటేశ్వరమ్మ ముక్కు చీది, పోగు పట్టుకుంది.