గాలి పోయిన చక్రంతో పూండికి

నా చిన్నప్పుడు మేము మణవాళనగర్‌లో ఉండేవాళ్ళం. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఫ్యాక్టరీలో పనిచేస్తూ సెలవు రోజుల్లో సైకిలు పందాలకు వెళ్ళేవాడు. మా ఇంట్లో ప్రభువును మొదట నమ్ముకొన్నది ఆయనే. కొడుకు బాప్తిస్మం తీసుకొన్నాడన్న కోపంతో అవ్వ ఆయనతో ఏళ్ళ తరబడి సరిగా మాట్లాడలేదు. అలాంటి అవ్వ, ఆయాసంతో మంచం పట్టి లేచాక, తానూ నీళ్ళలో దిగుతానంది. ఒక్కటే షరతు పెట్టింది: తన చెయ్యి పట్టుకొని దించవలసింది ఆ కొడుకే.

బాప్తిస్మం ఇచ్చే అయ్యగారు మా వైపు అరుదుగా వచ్చేవారు. ఆ రోజు పూండి డ్యాము నీళ్ళ దగ్గర పని ముగించుకొని, సాయంత్రం బస్సుకు తిరుత్తణిలో ప్రార్థన కూటానికి వెళ్ళిపోవాలి. ఆయన మళ్ళీ వచ్చేదాకా అవ్వ ఉంటుందన్న నమ్మకం ఎవరికీ లేదు. అవ్వను తీసుకొని అందరూ పొద్దున్నే బస్సెక్కారు. మామకు మధ్యాహ్నం దాకా పని ఉంది. ఆయన పందెం సైకిలు ముందు కడ్డీ మీద కూర్చొని రావాలని నేను ఏడ్చి ఆగిపోయాను.

మధ్యాహ్నం ఇద్దరం బయలుదేరితే, సగం దారిలో టయరులో సీమతుమ్మ ముల్లు దిగింది. వెనక చక్రం బుస్సుమంది. మా ఊళ్ళో గాలి పోయిన సైకిలు మీద ఎవరూ కూర్చోరు, దిగి తోసుకొంటూ పోతారు. నేనూ దిగబోయాను. మామ భుజం పట్టి ఆపాడు.

మేకలు తోలుకొచ్చే ఒకాయన మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏమన్నా, రిమ్మును దోసె చేసేదానికి పోతా ఉండావా? దిగి తోయప్పా!"

"తోస్తే పొద్దు గూకతాదన్నా. మాయమ్మ నీళ్ళకాడ నిలబడుకోనుంది."

"టయరు ఊడిపోతే పాప పండ్లు రాలతాయి, చూస్కో!"

"ఊడదులే అన్నా."

మామ బరువంతా ముందుకు వేసి మెల్లగా తొక్కసాగాడు. మలుపుల్లో చక్రం పాములా జారేది. నేను గట్టిగా కళ్ళు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టాను.

"ప్రార్థన చేస్తా ఉండావా పాపా?"

"అవును మామా."

"కండ్లు తెరుచుకోని చెయ్యి. గుంతలు యాడుండాయో చెప్పు."

అలా ప్రభువుకు ఒక మాట, మామకు ఒక గుంత చెప్పుకొంటూ పూండి చేరాను.

అవ్వ ఒడ్డున రాయి మీద కూర్చొని ఉంది. అయ్యగారు బస్సు వచ్చే దారి వైపు చూస్తున్నారు.

"ఇంతసేపా రా? కాళ్ళు తిమ్మిరెక్కినాయి," అంటూ అవ్వ చెయ్యి చాచింది.

మామ ఫ్యాక్టరీ బట్టలతోనే నీళ్ళలోకి దిగాడు. అంత దూరం హ్యాండిలును కదలనివ్వని ఆ చేతులతో అవ్వను పట్టుకొని దించాడు. అవ్వ నీళ్ళలో మునిగి లేచింది. తెల్లని తల నుండి నీళ్ళు కారుతుండగా పెద్ద ఊపిరి తీసుకొని, అందరి ముందూ కొడుకు ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకొంది. ఆ ఏళ్ళన్నీ ఎక్కడికి పోయాయో!

తిరిగి వచ్చేటప్పుడు అందరం బస్సెక్కాం. సైకిలు బస్సు మీదికి ఎక్కించే ముందు, దేవుడు అద్భుతం చేసి టయరును ఊడకుండా ఆపాడని మామతో అన్నాను. ఆయన కాదనలేదు. నా వేలు పట్టుకొని టయరు అంచు మీద పెట్టాడు. లోపల గాలి ఏమాత్రం లేదు, తోలుముక్కలా చదునుగా ఉంది. గోటితో లాగినా రిమ్మును వదల్లేదు. పందెం సైకిలు టయరును ట్యూబు లోపల పెట్టి కుట్టేసి, బంకతో రిమ్ముకు అంటిస్తారట. బంక పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పూసి, ఓపికగా చేయాలట.

"గాలి పొయ్యేది మన చేతిలో లేదు పాపా. ముల్లు యాడైనా ఉంటాది. అంటించేది మాత్రం ముందే అంటించుకోవల్ల."

ఆ తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను. దేవుణ్ణి హత్తుకొని ఉండడమంటే ఏమిటో నాకు తెలిసింది మాత్రం ఆ టయరును తాకినప్పుడే. పెదవులు ప్రార్థిస్తున్నా మనసు పొడిగా ఉండిపోయిన కాలాలు నాకూ వచ్చాయి. మా ఆయన చనిపోయిన ఏడాదంతా అలాగే గడిచింది. అలాంటి ఆదివారం కూడా ఉతికిన చీర కట్టుకొని మందిరానికి వెళతాను. చాప మీద నా చోట కూర్చొని, గొంతు పలికినంతవరకు, అందరితో పాటు పాడతాను.