మెదెర్ వ్యాను ముల్లు

మెదెర్‌కు ఇంజను వేడి పిచ్చి. కొండల్లోని నరిన్ నుంచి బిష్కెక్ నగరానికి వ్యాను తోలే మనిషి రోడ్డు చూడాలి కదా, అతను వేడి చూపించే ముల్లును చూసేవాడు. డోలోన్ కనుమ దగ్గర పడితే చాలు, "అమ్మో, ముల్లు లేస్తోంది! దిగండి, దిగండి!" అని బండి పక్కకు లాగేసేవాడు. జనం తిట్టుకుంటూ దిగేవాళ్లు. మళ్లీ ప్రయాణమంటే అతని బండే ఎక్కేవాళ్లు. ఓసారి బావమరిదికి జ్వరమొస్తే, నుదురు పట్టి చూసి "నీ ఫ్యాను తిరుగుతోందా లేదా?" అని అడిగాడట.

అతని భార్య బురుల్‌కు కడుపు మండిపోయేది. కొత్త పూల రుమాలు తలకు కట్టుకుని ఎదురుగా నిలబడితే, "రేడియేటరు తుడవడానికి మంచి గుడ్డ" అన్న మొగుడు మరి! ఆ ముల్లంటే ఆమెకు సవతి.

బురుల్ మెకానిక్ కూతురు. ఓ రోజు ఆ సవతి పని పట్టింది. రేడియేటరు రేకుల్లో ఇరుక్కున్న దుమ్మూ పురుగులూ కడిగింది. ఫ్యానుకు కొత్త బెల్టు వేసి, వేలితో నొక్కి బిగువు చూసింది. ముల్లుకు వేడి కబురు చేరవేసే సెన్సరు కూడా మార్చేసింది.

"ఇక ఎడారిలో తోలినా వేడెక్కదు పో!"

ఆ మర్నాడే మెదెర్ ఇంటికి ఆలస్యంగా వచ్చాడు.

"ముల్లు లేచింది బురుల్, ఏం చెయ్యను!"

"ఎక్కడ?"

"ఐజమల్ డేరా దగ్గర."

ఐజమల్ కనుమ కింద కుమిస్ అమ్ముతుంది, గుర్రం పాలు పులియబెట్టి చేసే పానీయం. మొగుడు పోయినావిడ. పైగా బుగ్గన సొట్ట. ముల్లుకు కళ్లు కూడా ఉంటాయా? సొట్టబుగ్గ కనిపిస్తేనే లేస్తుందా?

మర్నాడు బురుల్ ముద్దయినా ముట్టకుండా వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"నువ్వెందుకే?" అన్నాడు మెదెర్.

"ముల్లుకు కాపలా."

కనుమ దిగి, ఐజమల్ డేరా కనుచూపు మేరకు వచ్చినా ముల్లు మేకు కొట్టినట్టు మధ్యలోనే ఉంది. ఫ్యాను హాయిగా తిరుగుతోంది. ఉన్నట్టుండి మెదెర్ కేకపెట్టాడు.

"అమ్మో, లేస్తోంది! మగాళ్లంతా వాగుకెళ్లి నీళ్లు పట్రండి!"

"ఎక్కడ లేచిందయ్యా? నా కళ్లేమైనా పోయాయా? ఆ సొట్టబుగ్గ కోసమేగా..."

"నీకు దండం పెడతా, మెల్లిగా మాట్లాడు. అటు చూడు," అని గొణిగాడు.

అద్దంలోకి చూసింది. వెనక సీట్లో ఇద్దరు కోడళ్ల మధ్య ఇరుక్కుని ఎసెన్ తాత. మోకాళ్లు బిగబట్టి, ముఖం కందగడ్డలా చేసుకుని ఉన్నాడు. బండి ఆగీ ఆగకముందే బకెట్ పట్టుకుని కుర్రాళ్లను కూడా తోసుకుంటూ బండరాయి వెనక్కి పరుగెత్తాడు. వచ్చేటప్పుడు బకెట్ ఖాళీ, ముఖం పున్నమి చంద్రుడు. నీళ్లేవని ఎవరూ అడగలేదు.

"పెద్దాయన. కోడళ్ల ముందు ఆపమని అడగలేడు," అన్నాడు మెదెర్. "ఇంజనుకు సిగ్గేముంది?"

"మరి నిన్న?"

"నెల తప్పిన పిల్ల. కడుపులో తిప్పుతోంది. పక్కనే అత్త, ఆవిడకింకా చెప్పలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ చేతి పని మీద నీకు పౌరుషమెక్కువ. బండి బాగుందని నలుగురిలో పోట్లాడతావు."

ఆ మాట నిజమే. అయినా బురుల్ మంట చల్లారలేదు, దారి మార్చుకుందంతే.

"ఊళ్లోవాళ్ల ముఖాలన్నీ కనిపెడతావు. నా ముఖం ఎప్పుడైనా చూశావా?"

"చూశాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు నువ్వు." రొట్టె తీసి ఆమె ఒళ్లో పెట్టి, డేరా వైపు కేకేశాడు. "ఐజమలక్కా! ముందు మా ఆవిడకు పొయ్యి!"

ఐజమల్ నవ్వుతూ గిన్నె తెచ్చింది. దగ్గర్నుంచి చూస్తే సొట్ట మరీ అందంగా ఉంది. బురుల్ ఆమె మీంచి చూపు తిప్పకుండానే గిన్నె ఖాళీ చేసింది.

"ఇంకో గిన్నె పొయ్యి. ఆయనకొద్దు."

కిటికీలోంచి ఎసెన్ తాత హుషారుగా అడిగాడు. "ఇంజను చల్లబడిందా తల్లీ?"

బురుల్ వెనక్కి చూసింది. పెద్ద కోడలు ఎవరూ చూడకుండా తిమ్మిరెక్కిన కాలు రుద్దుకుంటోంది.

"ఎక్కడ తాతా! సెగలు కక్కుతోంది. ఆడవాళ్లంతా దిగి కాసేపు అటూ ఇటూ తిరగండమ్మా!" అని రెండో గిన్నె అందుకుంది.