వెనక వరసలో అక్క

మా అక్క కోపమొస్తే అరవదు, నవ్వుతుంది. కష్టమొచ్చినప్పుడు పనివాళ్లంతా ఎవరివైపు చూస్తారో కెమెరా కళ్లతో కనిపెట్టి, ఆ మనిషే అసలు నాయకుడని తేల్చి ముందుకెళ్లి నిలబడే రోబోను రెక్కలు ముక్కలు చేసుకుని తయారుచేసింది. దాని గురించిన పరిశోధన పత్రం మీద మాత్రం అక్క ల్యాబు ప్రొఫెసర్, వాడి మొహం మండ, తన పేరొక్కటే వేసుకున్నాడు. అక్క నవ్వింది.

ప్రదర్శన రోజు రోబో జోలికి పోకుండా, తెరకు వెళ్లే తీగ మాత్రం కాస్త వదులు చేసి వెనక వరసలో కూర్చుంది. ప్రొఫెసర్ ఉపన్యాసం మధ్యలో తెర ఆరిపోయింది.

“ఏమైందో చూడండయ్యా!” అని అరిచాడాయన.

ల్యాబులో వాళ్లంతా అక్కవైపు తిరిగారు. అక్క కదల్లేదు. రోబో కదిలింది. ప్రొఫెసర్‌ను దాటుకుంటూ వచ్చి అక్క ముందు ఆగింది.

“ఇదేదో పొరపాటు పడింది,” అన్నాడు ప్రొఫెసర్ అతిథులతో, చెమట తుడుచుకుంటూ.

“అది పొరపాటు పడదని మీరే రాశారుగా సార్!” అంది అక్క, నవ్వుతూ.