రాళ్ల మూటలతో కనుమ దిగిన మేస్త్రి

పోయిన మంగళవారం పొద్దున ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఒక ఆడమనిషి గొంతు, "ఒమన్‌లో నర్సు పని చేసిన సిస్టరమ్మగారేనా?" అని అడిగింది. ఔనన్నాను. "నేను మేస్త్రి కూతురిని. మా అబ్బా ఆదివారం పోయినాడమ్మా, నిద్దట్లోనే. ఎవురెవురికి చెప్పాల్నో ముందే చెప్పిపెట్టినాడు. నన్ను తిట్టిన సిస్టరమ్మకు గూడా చెప్పండి అనినాడు," అంది. తర్వాత ఆమె మెల్లగా, "ఆ సిస్టరమ్మ మీరేనా అమ్మా?" అంది. "నేనేనమ్మా," అన్నాను.

ఆ తిట్టు సంగతి ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పాలి. చెప్పకపోతే ఆయన ఎలాంటి మనిషో మీకు తెలియదు.

డెబ్బైల మధ్యలో నేను ఒమన్ వెళ్లాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. నర్సాపురం దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని, ఇంటి నుంచి ఎప్పుడూ దూరం వెళ్లనిదాన్ని. రుస్తాఖ్ పట్టణం నుంచి కొండల్లోకి మూడు గంటలు ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో మా చిన్న ఆసుపత్రి. రెండు గదులు, ఒక వరండా, ఒక జనరేటరు. మలయాళీ డాక్టరుగారు, నేను, జనరేటరు చూసుకునే మేస్త్రి. సిబ్బంది అంతే.

మేస్త్రిది కడప జిల్లా. వాళ్లింట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు. నాతో మాత్రం తెలుగే. నాకంటే పది పన్నెండేళ్లు పెద్ద. ఖర్జూర పండును కారప్పొడిలో అద్దుకుని తినేవాడు. తీపి ఒక్కటే అయితే గొంతు దిగదని చెప్పేవాడు. ఏ యంత్రం విప్పినా ఒక తెల్లగుడ్డ పరిచి, విప్పిన బోల్టులను వరస తప్పకుండా దాని మీద పేర్చేవాడు. ఆ గుడ్డను దాటుకుని ఎవరూ నడవకూడదు. డాక్టరుగారు కూడా చుట్టూ తిరిగి వెళ్లేవారు.

ఆసుపత్రికి బండి లేదు. వచ్చే ఏడాది చూద్దామని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వెనక తుమ్మచెట్టు కింద మాత్రం ఒక పాత జీపు పడి ఉండేది. ఎప్పుడో కొండలు కొలవడానికి వచ్చిన సర్వే వాళ్లు చెడిపోయిందని వదిలేసి పోయారు. సీట్లను మేకలు పీకి తిన్నాయి. టైర్లు నేలకు అంటుకుపోయాయి. ఇంజను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మేస్త్రి దాని బానెట్ ఎత్తి చాలాసేపు చూసి, డాక్టరుగారితో హిందీలో ఏదో చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు: "దీన్ని లేపొచ్చు సిస్టరమ్మా. కొత్త సామాను కొనే శక్తి మనకు ల్యా. చచ్చిన బండ్లలో బతికిన సామాను యాడన్నా ఉంటాది, ఎతుక్కోవాల."

స్పార్కు ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి కిరోసిన్, డీజిల్ కలిపి పోశాడు. రోజూ పొద్దున డ్యూటీకి ముందు జీపు ముందుభాగంలో ఇనప హ్యాండిల్ పెట్టి కొంచెం తిప్పి చూసేవాడు. బలవంతం చేసేవాడు కాదు. పదకొండో రోజు నేను మందులు సర్దుతుంటే కిటికీ దగ్గరకు వచ్చి, "వేలెడు తిరిగె," అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు.

కారుతున్న రేడియేటరుకు రుస్తాఖ్ బజారులో కాఫీ కూజాలు చేసే కంసాలి చేత అతుకు వేయించాడు. దారి పక్కన కాలిపోయి పడున్న లారీ నుంచి స్ప్రింగు పట్టీలు తెచ్చాడు. సీట్లలో ఖర్జూర చెట్టు పీచు కూరాడు. వాటి మీదకు పాత గుడారం గుడ్డను, గాయాలకు కుట్లు వేసే వంకర సూదితో నేనే కుట్టాను. మూడు నెలలకు ఇంజను పలికింది. ఊరంతా వచ్చి చూసింది.

మిగిలింది బ్రేకులే. చక్రాల లోపల బ్రేకు నూనె కారకుండా ఆపే చిన్న రబ్బరు గిన్నెలు ఎండి పగిలిపోయాయి. రెండు చక్రాలకు ఎలాగో సంపాదించాడు. మిగతా రెంటికీ బురైమి పట్టణం నుంచి రావాలి. ఒక లారీ డ్రైవరుకు పాత గిన్నె నమూనాగా ఇచ్చి పంపాడు. అవి వచ్చేదాకా జీపు ఆసుపత్రి ఆవరణ దాటలేదు. "బండి కదిలేది గొప్ప కాదు సిస్టరమ్మా, నిలబడమన్నచోట నిలబడాల," అనేవాడు.

ఆ రోజుల్లోనే షంసాను తీసుకొచ్చారు. ఇరవై ఏళ్ల పిల్ల, తొలి కాన్పు. ఆమె భర్త ఖర్జూర తోటలో పని చేస్తాడు. నొప్పులు మొదలై ఒక రాత్రి, ఒక పగలు అయింది. చేయి పెట్టి చూస్తే బిడ్డ అడ్డంగా ఉంది. మా దగ్గర ఆపరేషన్ సౌకర్యం లేదు. రుస్తాఖ్‌లో పెద్దాసుపత్రికి వెళ్లాలి.

నేను పరుగున వెనక్కి వెళ్లాను. "మేస్త్రిగారూ, జీపు తీయండి."

"అది పోకూడదమ్మా."

"ఇంజను పని చేస్తోందిగా."

"ఇంజను చేస్తాది. బ్రేకు ఒకతూరి పడతాది, ఒకతూరి పెడలు నేలకు దిగిపోతాది. కనుమలో ఆ వంపు కాడ అట్ల అయితే అందరమూ లోయలోనే."

మా ఊరి నుంచి వెళ్లే దారి ముందు ఒక వాదిని దాటుతుంది. వాది అంటే కొండవాగు. ఏడాదంతా గులకరాళ్లే, కొండల మీద వాన పడితే మాత్రం నీళ్లు. దాన్ని దాటాక దారి ఒక కొండ భుజం మీదకు ఎక్కి, అవతల నిట్టనిలువుగా దిగుతుంది, అదే కనుమ. దిగే దారిలో సగంలో ఒక వంపు. ఒకవైపు బండ, ఒకవైపు లోయ. నాకు ఆ దారి తెలియక కాదు. లోపల షంసా అరుస్తోంది, అంతే.

"నెమ్మదిగా వెళ్దాం. దేవుడు ఉన్నాడు," అన్నాను.

"ఉండాడు. అయినా నేను తీయను," అన్నాడు.

డాక్టరుగారు కూడా ఆయనను ఒప్పించలేకపోయారు. చివరికి ఒక సరుకుల లారీ దొరికేసరికి నాలుగు గంటలు గడిచాయి. షంసాను ఎక్కించి నేనూ ఎక్కాను. మేస్త్రి పరుపు పట్టుకుని సాయం చేశాడు. లారీ కదిలే ముందు నేను వంగి ఆయన మొహంలోకి చూసి అన్నాను. "బిడ్డకు ఏమైనా అయితే అది మీ పిరికితనం వల్లే. మగవాడివై ఉండి ప్రాణానికి ఇంత భయపడతావా?" మీరు నుంచి నువ్వులోకి ఎప్పుడు దిగానో నాకే తెలియలేదు. ఆయన పరుపు అంచు లోపలికి దోపి, వెనక తలుపు గొళ్లెం వేశాడు.

రుస్తాఖ్ చేరేసరికి బిడ్డ గుండె ఆగిపోయింది. షంసా బతికింది.

మర్నాడు మధ్యాహ్నం ఇంకో లారీలో తిరిగి వస్తున్నాను. కనుమ కింద డ్రైవరు ఉన్నట్టుండి లారీ ఆపేశాడు. పైన మా జీపు దిగుతోంది. మొదట మెల్లగానే ఉంది. తర్వాత వేగం పెరగడం మొదలైంది. గేరు మార్చిన చప్పుడు వినిపించింది, ఇంజను కేక పెట్టినట్టు మోగింది, అయినా వేగం తగ్గలేదు. వంపు దగ్గరపడుతోంది. లారీ డ్రైవరు కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేకపోయాను. వంపుకు ఇంకా పది గజాలు ఉందనగా మేస్త్రి జీపును బండ వైపుకు తిప్పాడు. ఇనుము రాతిని రాసుకుంటూ పోయిన ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్లల్లో ఉంది. మడ్‌గార్డు ఊడి కింద పడింది. ఒక చక్రం గాల్లోకి లేచి, మళ్లీ దిగింది. జీపు ఆగింది. ముందు చక్రం వంపు అంచున ఉంది.

నేను కొండ ఎక్కి వెళ్లేసరికి ఆయన దిగి, బండకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద రక్తం. చేతులు చంకల్లో దాచుకున్నాడు. జీపు వెనక మూడు గోనె మూటలు ఉన్నాయి, నిండా గులకరాళ్లు.

"ఏంటివి?" అన్నాను.

ఆయన మూటల వైపు చూడకుండా చెప్పాడు. "ఒకటి మీ బరువు. ఒకటి ఆ బిడ్డ తల్లిది. ఇంగొకటి ఆమె మొగునిది. ఖాళీ బండి దిగితే లెక్కకు రాదు గదా."

"ఎందుకు చేశారు? నాకు చూపించడానికా?"

"మీరు ఈరోజు వస్తారని నాకేం తెలుసు? నాకోసరమే చేసినా. నిన్న నేను తెలిసి ఆపినానో, భయపడి ఆపినానో నాకే తేలాల గదా. రాత్రంతా తేల్లా."

నేను క్షమించమని అడగలేదు. ఆయన గాయానికి గుడ్డ కట్టి, మూటల్లోంచి రాళ్లు ఒక్కొక్కటే తీసి లోయలోకి వేయడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆయన కూడా లేచి వచ్చి నాతో పాటు వేశాడు. మూడు మూటలూ ఖాళీ చేశాం. లారీ వాళ్లు తాడు కట్టి జీపును వెనక్కి లాగారు.

ఇంకో మూడు వారాలకు బురైమి నుంచి రబ్బరు గిన్నెలు వచ్చాయి. మేస్త్రి వాటిని బిగించి, మళ్లీ రాళ్లు నింపి, అదే కనుమ ఏడుసార్లు దిగాడు. వంపు ముందు ఏడుసార్లు ఆపాడు. ఎనిమిదోసారి వచ్చి, "ఎక్కండి సిస్టరమ్మా," అన్నాడు.

అప్పటి నుంచి అది రోజూ తిరిగే బండి. టీకాల పెట్టె, నీళ్ల డ్రమ్ములు, జ్వరంతో ఉన్న ముసలివాళ్లు, ఒకసారి కాలు విరిగిన మేక కూడా అందులో ప్రయాణం చేశాయి. రంగు ఎప్పుడూ వేయలేదు. ఉన్న కొద్దిపాటి డబ్బూ చక్రాలకే పోయేది. తలుపు కిర్రుమనేది, వైపరు ఒకటే పని చేసేది. బ్రేకు మాత్రం పొద్దున్నే కింద పడుకుని చూడనిదే తీసేవాడు కాదు.

ఏడాదిన్నర తర్వాత షంసా మళ్లీ కడుపుతో ఉంది. ఈసారి నెల ముందే రుస్తాఖ్ తీసుకెళ్లి ఉంచాలని నేను అనుకున్నాను. అనుకున్న రోజుకు ఇంకా వారం ఉందనగా నొప్పులు వచ్చాయి. చూస్తే మళ్లీ అడ్డమే. పైగా ఆ పొద్దున్నే కొండల వెనక ఆకాశం నల్లబడింది.

జీపు వెనక షంసా, ఆమెను పట్టుకుని భర్త, పక్కన నేను. వాది దగ్గరికి వచ్చేసరికి గులకరాళ్ల మీద ఎర్రనీళ్లు పుల్లల్ని మోసుకుంటూ పారుతున్నాయి. మోకాలు దాటలేదు. మేస్త్రి దిగి, నీటి అంచున ఒక తెల్లరాయి పెట్టి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. షంసా నా మణికట్టు పట్టుకుని నలుపుతోంది. భర్త అరబ్బీలో "పోదాం, పోదాం" అంటున్నాడు. ఈసారి నేను నోరు తెరవలేదు. మేస్త్రి రాయిని చూస్తున్నాడు, నేను మేస్త్రిని చూస్తున్నాను. రాయి సగం మునిగింది.

"పెరుగుతాంది గానీ టైముండాది," అని బానెట్ ఎత్తి ఫ్యాను బెల్టు పీకేశాడు. ఫ్యాను తిరిగితే నీళ్లు చిమ్మి ఇంజను ఆరిపోతుందట. ప్లగ్గుల మీద గ్రీసు పూసిన గుడ్డ కప్పి, కింది గేరులో నీళ్లలోకి దించాడు. నడి వాదిలో నీళ్లు పాదాల మీదికి వచ్చాయి. ఇంజను రెండుసార్లు దగ్గింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, గొంతు వినిపించడం లేదు. నేనూ నాకు వచ్చిన కీర్తన మనసులో చెప్పుకున్నాను. ముందు చక్రాలు ఒడ్డు పట్టుకున్నాయి.

బెల్టు మళ్లీ బిగించి, కొండ భుజం ఎక్కి, దిగుడు మొదలయ్యే చోట ఆపాడు. వెనక్కి చూస్తే మేం దాటిన చోటు లేదు. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా నీళ్లే, ఒక ఖర్జూర చెట్టు వేళ్లతో సహా దొర్లుకుంటూ పోతోంది.

మేస్త్రి చదునుగా ఉన్న ఆ కొద్ది దూరంలోనే జీపును ముందుకు పోనిచ్చి బ్రేకు నొక్కాడు. పట్టలేదు. వెనక్కి తెచ్చాడు. మళ్లీ ముందుకు, మళ్లీ బ్రేకు. "తడిసినాయి. రాపిడికి ఆరాల," అన్నాడు. షంసా స్పృహ తప్పుతోంది. ఆయన అద్దంలోంచి నా వైపు చూశాడు. "రెండు నిమిషాలు సిస్టరమ్మా."

"తీసుకోండి," అన్నాను.

ఆయన చూపు ఒక క్షణం అద్దంలోనే ఉండిపోయింది. తర్వాత మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. రెండు నిమిషాలు కాదు, అయిదు పట్టింది. అప్పుడు కనుమ దిగాం. వంపు దగ్గర జీపు దాదాపు ఆగి, మనిషి మెట్టు దిగినట్టు దిగింది.

రుస్తాఖ్‌లో వెంటనే ఆపరేషన్ చేశారు. సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే నేను బయటికి వచ్చాను. జీపు ఆసుపత్రి గోడ పక్కన ఉంది, మేస్త్రి దాని కింద పడుకుని ఉన్నాడు. పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. నేను వంగి, "ఆడపిల్ల. తల్లి బాగుంది," అన్నాను.

స్పానరు చప్పుడు ఆగింది. ఇంకొంచెం వంగి చూశాను. వెల్లకిలా పడుకునే గ్రీసు నిండిన రెండు అరచేతులూ దగ్గరగా చేర్చి పైకి తెరిచి ఉంచాడు, దేవుడికి దువా చేసుకుంటూ. ఇంజను అడుగు నుంచి వాది నీళ్లు ఇంకా చుక్కలు చుక్కలుగా ఆ చేతుల్లో పడుతున్నాయి.