పెత్రమాస బియ్యం

నిన్న పెత్రమాస, చనిపోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే రోజు. చాటలో బియ్యం పక్కన కోసిన గుమ్మడికాయ పెట్టగానే, ఆ పచ్చి వాసనకు సుమన్ గుర్తొచ్చింది.

బోధన్ దగ్గర మా ఊరికి చెరుకు కొట్టడానికి వచ్చి, జ్వరంతో చనిపోయిన కూలీల కూతురు సుమన్. మా అమ్మ ఆమెను మా ఇంట్లోనే ఉంచుకుంది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు, ఆమెకు పదేళ్లు.

ఆ ఏడు పెత్రమాసకు వచ్చిన పూజారి అయ్యగారు మా పెద్దల పేర్లు చదివి, "ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగారు.

తల్లి పేరు చెప్పాలని సుమన్ ముందుకొచ్చింది. "మా అవ్వ పేరు గూడ సదువుండ్రి అయ్యా..."

పేరు పెరిగితే మా తాతకు బియ్యం తగ్గుతాయనుకున్నాను. "మీ అవ్వ మా ఇంటి మనిషానే? కూలిదానికి మా బియ్యం ఎందుకు?" అని అరిచాను.

అందరూ నవ్వారు. "మా పోరడు మస్తు హుషారు," అంది అమ్మ.

సుమన్ మళ్లీ అడగలేదు. ఆ చలికాలం చెరుకు కొట్టే గుంపు వెంట వెళ్లిపోయింది. "గీళ్లల్ల ఎవరికన్న మా అవ్వ ఎరుక ఉంటది," అని పక్కింటామెతో చెప్పిందట.

నిన్న అయ్యగారు అదే మాట అడిగారు.

"ఇంకొకామె ఉంది," అన్నాను.

"పేరు చెప్పుండ్రి."

నాకు తెలియదు. ఆ రోజు నేను సుమన్‌ను చెప్పనివ్వలేదు.