ఊడుగ కొమ్మ

శామ్యూల్ ఇరవై ఎనిమిదేళ్లుగా ఎండిన మొక్కలతో కాపురం చేస్తున్నాడని అతని భార్య కృపారాణి నలుగురిలోనూ అంటూ ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంలో అతను అటెండరు. ఎవరో కోసుకొచ్చిన కొమ్మల్ని పాత న్యూస్‌పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టడం, అట్టకు కుట్టడం, కింద పేరూ ఊరూ తేదీ రాయడం అతని పని. ప్రొఫెసర్లు వస్తుంటారు, రిటైరై పోతుంటారు. ఏ బీరువాలో ఏ ఆకు ఉందో మాత్రం శామ్యూల్‌నే అడగాలి. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు.

ఆదివారం వస్తే మాత్రం సైకిలే లోకం. తార్నాకలో ఐదింటికి బయల్దేరి, ఉప్పల్ దాటి, ఘట్‌కేసర్ దాటి, పెద్ద రోడ్డు వదిలేసి గుట్టల మధ్యకు పోయే సన్నటి తారు రోడ్లు పట్టుకునేవాడు. ఒక ఎక్కుడు, ఒక దిగుడు, మళ్లీ ఎక్కుడు. జొన్న చేలు, రాతి గుండ్లు, ఎప్పుడో ఒక పాలబండి. పదింటి ఆరాధనకు మళ్లీ చర్చిలో ఉండేవాడు. జత రాజలింగం. అదే విభాగంలో తోటమాలి, ఏడేళ్లు పెద్ద. తరవాత నవనీత చేరింది. అడిక్‌మెట్‌లో గది తీసుకుని పిహెచ్‌డి చేసే పిల్ల, సెకండ్ హ్యాండ్‌లో సన్న టైర్ల సైకిల్ కొనుక్కుంది. ఎక్కుళ్లలో వెనకపడేది కానీ ఒప్పుకునేది కాదు. "ఫోటోలు తీస్తున్న అన్నా" అనేది.

దారి చీలిన చోటల్లా రాజలింగం ఒక పని చేసేవాడు. వెళ్లకూడని దారికి అడ్డంగా ఒక కొమ్మ పడేసేవాడు. వాళ్ల ఊరి నుంచి జాతరకు పోయేటప్పుడు ముందు బండివాళ్లు వెనక బండ్ల కోసం అలాగే చేసేవారట. ఫోన్లో మ్యాప్ ఉంది కదా అని నవనీత నవ్వితే, "నీ ఫోన్‌కు సిగ్నల్ పోతది బిడ్డా. కొమ్మకేం పోతది" అనేవాడు. తోట కత్తెర ఎప్పుడూ జేబులోనే ఉండేది. ఏటవాలుగా ఒక్క కోత. ఆఖరి మనిషి దాటేదాకా ఆ కొమ్మను ఎవరూ ముట్టకూడదు, అది పద్ధతి.

మూడేళ్ల కిందట, ఫిబ్రవరిలో, శామ్యూల్ ముట్టాడు.

ఆ రోజు పొగమంచు. రాజలింగం ముందు వెళ్లిపోయాడు. శామ్యూల్ చీలిక దగ్గరికి వచ్చేసరికి కుడి దారికి అడ్డంగా ఊడుగ కొమ్మ పడి ఉంది, నిండా తెల్లటి పూత. ఆ వైపు నుంచి తెచ్చిన, పూతతో ఉన్న ఊడుగ శాంపిల్ విభాగంలో లేదు. ఇంకొకరైతే దాటిపోయేవారు. శామ్యూల్ దిగి, బ్యాగులోంచి న్యూస్‌పేపర్ తీసి, పూలు నలగకుండా చుట్టి బ్యాగులో పెట్టుకున్నాడు. బదులుగా ఇంకో కొమ్మ విరిచి వేద్దామని అనుకున్నాడు కూడా. అంతలో వెనక నవనీత సైకిల్ చైను చప్పుడైంది. దగ్గర్లోనే ఉంది, నన్ను చూస్తుందిలే అనుకుని ఎడమ దారిలో ఎక్కేశాడు. మంచులో చప్పుడు ఎంత దూరం నుంచి వస్తుందో ఎవరు చెప్పగలరు? నవనీత కుడి దారిన వెళ్లింది. అది దిగుడు. దిగుడు చివర పాడుబడిన కంకర క్వారీ. కంచె లేదు, కింద నీళ్లు ఉన్నాయి.

పోలీసులు వచ్చారు. "నేను కొమ్మ ఏసిన" అన్నాడు రాజలింగం. చీలిక దగ్గర కొమ్మ లేదు. పెద్దాయన మరిచిపోయి ఉంటాడని అందరూ జాలిపడ్డారు. శామ్యూల్ పక్కనే నిలబడి ఉన్నాడు. బ్యాగు వీపు మీదే ఉంది. నోరు తెరవలేదు. పిరికితనం అంటే అదే, దానికి ఇంకో పేరు వెతకడం అనవసరం.

రాజలింగం పది రోజులు "ఏసిన" అన్నాడు. తరవాత "ఏసిన్నా?" అని అడగడం మొదలుపెట్టాడు. తోటలో నల్లా కట్టేసి, కట్టానో లేదోనని మెట్టుగూడ ఇంటి నుంచి మళ్లీ వచ్చి చూసుకునేవాడు. జూన్‌లో రిటైరయ్యాడు. తన చేతిని తానే నమ్మలేని మనిషిగా మిగిలాడు. ఒక్క మాట చెబితే ఆ నమ్మకం ఆయనకు తిరిగి వస్తుందని శామ్యూల్‌కు తెలుసు. ప్రతి ఆదివారం చర్చిలో పాపాలు ఒప్పుకునే ప్రార్థనలో అందరితో పాటు పెదాలు కదిపి, ఆ ఒక్కటీ వదిలేసి, ఇంటికొచ్చి అన్నం తినేవాడు.

ఈ ఏడు ఫిబ్రవరిలో షుగర్ పెరిగిందని డాక్టర్ కేకలేస్తే మూలనున్న సైకిల్ దుమ్ము దులిపాడు. ఆ దారి వద్దనుకునే బయల్దేరాడు. ఘట్‌కేసర్ దాటాక కాళ్లు ఆ దారే పట్టాయి.

మొదటి చీలిక దగ్గర వేప కొమ్మ పడి ఉంది. గాలికి పడిందనుకున్నాడు. రెండో చీలిక దగ్గర కానుగ. మూడో దగ్గర తంగేడు. దిగి చూశాడు. ఏటవాలుగా ఒక్క కోత. తెగిన చోట తడి ఇంకా ఆరలేదు, ఆకు వాడలేదు. కొమ్మ తెగి ఎంతసేపైందో చెప్పడంలో శామ్యూల్‌ను మించినవాడు లేడు. పావుగంట కాలేదు. తలెత్తి చూస్తే గుట్ట మీదికి పోయే రోడ్డు, కనుచూపు మేర ఖాళీగా ఉంది.

గొర్రెల్ని తోలుకొస్తున్న ఒకాయన కనబడితే ఆపి, ఈ కొమ్మలు ఎవరు వేస్తున్నారని అడిగాడు.

"మీ సైకిలోళ్లే. ఆదివారమాదివారం వస్తరు. ఒక ముసలాయన, ఆయన ఎనక ఒక ఆడపిల్ల."

"ఆడపిల్లనా?"

"ఆ. జెర దూరంల వస్తది. గింత ఎక్కుడు తొక్కుతది గని ఆయాసం ఉండది. పలకరిస్తే పలకది." ఆయన గొర్రెల వైపు చూసి ఇంకో మాట చేర్చాడు. "ఆమె వస్తే గొర్లు వాటంతటవే రోడ్డు దిగుతయి. నాకు అదిలించే పనుండది."

శామ్యూల్‌కు వెనక్కి తిరిగిపోవాలనిపించింది. కానీ ముందున్న దారికన్నా వెనకున్న దారే ఎక్కువ భయంగా తోచింది. ముందుకే తొక్కాడు.

నవనీత కుడి దారి పట్టిన ఆ చీలిక దగ్గర రాజలింగం ఒక్కడే ఉన్నాడు. కుడి దారికి అడ్డంగా కొమ్మ వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి చేత్తో తడిమి, మళ్లీ నడిచి, మళ్లీ వచ్చి తడుముతున్నాడు. బక్కచిక్కిపోయాడు. శామ్యూల్‌ను చూసి ఆశ్చర్యపోలేదు.

"మంచిగొచ్చినవ్ తమ్మీ. జెర చూడు. ఉన్నదా?"

"ఉన్నది అన్నా."

"నేను ఏసిన్నా?"

శామ్యూల్ సైకిల్ వదిలేశాడు. అది రోడ్డు మీద పడింది. మూడేళ్లుగా దాచుకున్నది అక్కడే బయటపడింది.

"ఆ రోజు కూడ ఏసినవ్ అన్నా. నేనే తీసిన. ఊడుగ కొమ్మ, పూతతోటి ఉండె. శాంపిల్ కోసమని పేపర్ల చుట్టుకున్న. నువ్వు మరిచిపోలే. నేనే తీసిన."

రాజలింగం చాలాసేపు తన కుడి చెయ్యి చూసుకున్నాడు. కొడతాడనుకున్నాడు శామ్యూల్. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. చప్పుడు లేకుండా ఏడ్చాడు. ఏడ్చి కండువాతో ముఖం తుడుచుకున్నాక, మూడేళ్ల కిందటి మనిషిలా కనబడ్డాడు.

"రెండేండ్ల సంది నా ఎనకనే వస్తది" అన్నాడు. "ఈడికొచ్చినంక ఒక్కటే అడుగుతది. 'కాకా, కొమ్మ ఏసినవా?' ఏసిన అని చెప్పనీకి నాకు నోరు రాకపోతుండె. ఇయ్యాల నువ్వు చెప్పినవ్. ఇన్నది."

"ఎవరు ఇన్నది అన్నా?"

"నీ ఎనకనే నిలబడ్డది గద."

శామ్యూల్ తిరిగి చూడలేదు. రాజలింగం సైకిలెక్కి, ఏ చీలిక దగ్గరా ఆగకుండా, ఒక్కడే ఇంటి దారి పట్టాడు.

ఆ తరవాత ఆయన ఆ గుట్టలకు వెళ్లలేదు. మెట్టుగూడలో మనవరాలిని బడికి దింపుతూ కనిపిస్తాడు, శామ్యూల్ ఎదురైతే ముఖం తిప్పుకుంటాడు. అది ఆయన హక్కు. ఆదివారం పొద్దున వెళ్లేది ఇప్పుడు శామ్యూల్. చర్చి మానేశాడని కృపారాణి పాస్టరుగారితో కూడా చెప్పించింది, వినలేదు. ఘట్‌కేసర్ దాటి మొదటి ఎక్కుడు మొదలవగానే వెనక చైను చప్పుడవుతుంది. అతను ఆగితే ఆగుతుంది. ఆ చీలిక దగ్గర, ఆయాసం లేని గొంతు, చెవికి బాగా దగ్గరగా, ఒక్కటే అడుగుతుంది.

"నేను వెనకొస్తున్న అని నీకు తెలుసు గద అన్నా?"

తెలుసు. అతనికి తెలుసు. ఆ ఒక్క మాట చెప్పాలనే ప్రతి ఆదివారం అంత దూరం తొక్కుకుంటూ వెళ్తాడు, చెప్పలేక తిరిగొస్తాడు.